ఇరవై రెండు పళ్ళు

జూన్ 3, సోమవారం

పనులు సగంలో వదిలేయడం నా స్వభావమా, లేక సగం దాకా చేస్తే చాలనిపించే పనులే నాకు తగులుతున్నాయా? ఇరవై ఏళ్ళుగా ఈ ప్రశ్నను సంచిలో తాళంచెవుల్లా మోస్తున్నాను. వెతికితే దొరకదు, వెతకనప్పుడు వేళ్ళకు గుచ్చుకుంటుంది.

పరిశోధన మూడు అధ్యాయాల దగ్గర ఆగింది. కాలేజీలో పాఠాలు చెప్పడం నాలుగేళ్ళకు ఆగింది. కుట్టుమిషను సంగతి ఇక్కడ రాయను. ఇప్పుడు కొండ మీద భూపటాల కార్యాలయంలో పాత పటాలకు వివరాల చీటీలు రాస్తున్నాను, రెండేళ్ళుగా. అక్క పళ్ళ ఆసుపత్రి కూడా కొండ మీదే కాబట్టి ఆ రెండేళ్ళూ తన కార్లోనే వెళ్ళాను. పోయిన బుధవారం కారు కొండెక్కుతుండగా, "ఈ ఉద్యోగం కూడా మానేద్దామనిపిస్తోందే," అన్నాను. ఊరికే అన్నాను. పొద్దున్నే ఏదో ఒకటి అనాలి కదా.

అక్క గేరు మార్చి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "నువ్వంతేనే. ఏదైనా సగం దాకా ఎక్కుతావు, దిగిపోతావు. మళ్ళీ ఎక్కించడానికి మేమున్నాం కదా," అంది.

ఆ మాట తప్పని చూపించాలన్న పట్టుదలతో, "ఇక్కడ ఆపు," అని కొండ సగంలో కారు దిగిపోయాను.

నడుస్తూ రెండో మలుపు దాకా వచ్చాక గానీ నేనేం చేశానో నాకు తట్టలేదు.

శనివారం సైకిలు కొన్నాను. గేర్లు లేనిది, షాపులో అన్నిటికంటే చవకది, ఆకుపచ్చది. ఆరోగ్యం కోసం.

జూన్ 4, మంగళవారం

ఆరోగ్యం కోసమే. డాక్టరు కూడా ఎప్పుడో నడవమన్నాడు.

మా ఆఫీసు పటంలో ఈ కొండను చూశాను. ఎత్తును చూపించే గీతలు కింద దూరం దూరంగా, మర్యాదగా ఉంటాయి. మొదటి మలుపు దాటాక దగ్గరవుతాయి. రెండో మలుపు దగ్గర ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, బస్సు తలుపు దగ్గర జనంలా. ఆ గీతల మధ్య దూరం కొలిచి వాలు ఎంతో లెక్కగట్టి చీటీ రాసింది నేనే. చీటీ రాసేటప్పుడు ఒక్క చుక్క చెమట పట్టలేదు.

రెండో మలుపు దగ్గర దిగి నెట్టుకుంటూ వెళ్ళాను.

జూన్ 5, బుధవారం

రెండో మలుపు దగ్గరే. అక్క తెల్లకారు పక్కనుంచే వెళ్ళింది. నేను చూడలేదు. ఆవిడ చూసిందో లేదో నాకెలా తెలుస్తుంది, నేను చూడలేదుగా.

జూన్ 6, గురువారం

రెండో మలుపు.

మా ఆయన లెక్కల మాస్టారు. ఇంట్లో మంచినీళ్ళు ఒలికినా ఎంత వైశాల్యంలో ఒలికాయో చెబుతారు. సాయంత్రం వరండాలో సైకిలు తలకిందులుగా పెట్టి పళ్ళు లెక్కపెట్టారు.

"పెడళ్ళ దగ్గర నలభై నాలుగు. వెనక పద్దెనిమిది. అంటే నువ్వు ఒక చుట్టు తొక్కితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతోంది. బల్లపరుపు రోడ్డుకి బాగుంటుంది. నీ కొండకి ఎక్కువ."

"అయితే?"

"వెనక పళ్ళు పెంచు. ఇరవై రెండు పెడితే సరిగ్గా రెండు చుట్లు. నెమ్మదిగా వెళ్తావు, కానీ వెళ్తావు."

"నెమ్మదిగా వెళ్ళడం నాకు కొత్తేం కాదు."

"తెలుసు, పెళ్ళికి తయారయ్యేటప్పుడే చూశాను." చేతులు తుడుచుకుంటూ, చాలా మామూలు గొంతుతో, "మీ అక్క ఫోన్ చేసింది. ఆసుపత్రి ఊరికి అవతలి వైపు మారుస్తోందట, ఒకటో తారీకు నుంచి. కొండ మీద ఆఖరి రోజు ఇరవై ఎనిమిది," అన్నారు.

"నాకే చెప్పొచ్చుగా."

"నీకు మూడుసార్లు చేసిందట, నువ్వు ఎత్తలేదట."

స్నానానికి వెళ్ళాను.

అవతలి వైపు అంటే గంటన్నర ప్రయాణం. ఇక పొద్దున్నే దారిలో కనపడడం ఉండదు. పండక్కీ పబ్బానికీ చుట్టాల్లా కలవడమే. అదీ మాట్లాడుకుంటేనే. ఇరవై ఎనిమిది లోపల ఆవిడే ఒక మెట్టు దిగుతుందేమో చూస్తాను. నాకేం తొందర లేదు.

జూన్ 8, శనివారం

సైకిలు షాపు బాబాయికి అరవై ఉంటాయి. నా సైకిలును కొత్త అల్లుణ్ణి చూసినట్టు పైనుంచి కింద దాకా చూశాడు.

"గేర్ల సైకిలు తీసుకోవాల్సిందమ్మా."

"దీనికే పెట్టడం కుదరదా?"

"గేర్ల సైకిలుకి వెనక చక్రం దగ్గర చిన్న చెయ్యి వేలాడుతుంటుంది చూడండి, చైనును ఇటూ అటూ నెడుతుంది. అది బిగించడానికి దీనికి చోటే లేదు. ఒకే ఒక్క గేరు. ఆ ఒక్కటి ఏది కావాలో మీరే చెప్పండి."

ఇరవై రెండు అన్నాను. ఎందుకంత అని అడిగాడు. కొండ అన్నాను. ఏం పని అని అడిగాడు. పటాలు అన్నాను. మాటల్లో మాటగా అక్క పళ్ళ డాక్టరని కూడా ఎందుకు చెప్పానో తెలియదు.

"ఆవిడ పీకుతారు, మీరు పెంచుతున్నారు," అన్నాడు బాబాయి, నవ్వకుండానే.

వెనక చక్రం విప్పి, దాని మధ్యలో ఉన్న పళ్ళ బిళ్ళను ఊడదీయడం చూడాల్సిందే. దాని గాట్లలో కూర్చునే బిరడాలాంటి పనిముట్టు ఒకటి ఉంది. ఆ పనిముట్టును బల్లకున్న పట్టులో బిగించి, మొత్తం చక్రాన్నే రెండు చేతులతో స్టీరింగులా తిప్పాడు. రాలేదు. నన్ను కూడా పట్టుకోమన్నాడు. ఇద్దరం కలిసి తిప్పితే 'టక్' మని వదిలింది. రోజూ మనం తొక్కిన తొక్కుడే దాన్ని అలా బిగించేస్తుందట. కొన్నది పోయిన శనివారమే బాబాయీ అన్నాను. "అయితే మీరు కోపంగా తొక్కుతున్నారమ్మా," అన్నాడు.

కొత్త బిళ్ళ పెద్దది కాబట్టి పాత చైను చాలలేదు, రెండు లంకెలు అతికించాడు.

జూన్ 10, సోమవారం

రెండో మలుపు దాటాను. దాటాను. మూడో మలుపు దగ్గర దిగాను గానీ, రెండోది దాటాను.

బల్లపరుపు రోడ్డు మీద మాత్రం పరువు పోయింది. కాళ్ళు కుట్టుమిషనులా ఆడుతున్నాయి, సైకిలు కదలదు. బుట్టలో కూరగాయలు పెట్టుకున్న పెద్దావిడ ఒకరు నన్ను దాటి వెళ్తూ, "ఏమైనా అయిందా అమ్మా?" అని అడిగారు.

జూన్ 11

మూడో మలుపు. వెనకాల ఒకటే హారన్లు. జనానికి ఓపిక లేదు.

జూన్ 12

మూడో మలుపు. హారన్లు. దాటి వెళ్ళమని చెయ్యి ఊపాను, ఎవరూ దాటరు. దాటకుండా హారన్ కొట్టడం దేనికి?

జూన్ 13, గురువారం

నాలుగు రోజులుగా అక్క కారు నన్ను దాటి వెళ్ళలేదు. వేరే దారిన వెళ్తోందనుకుంటాను. మంచిదే. నన్ను చూడడం అంత కష్టంగా ఉంటే అలాగే వెళ్ళనీ. నేనేమీ అనుకోవడం లేదు. మధ్యాహ్నం ఒక పటం మీద నదికి కొండ పేరు రాశాను, అంతే.

జూన్ 15, శనివారం

కొండకి ఇరవై రెండు కావాలి, కింద రోడ్డుకి పద్దెనిమిది కావాలి. రెండూ కావాలంటే ఏం చేయాలి అని బాబాయిని అడిగాను. చాలాసేపు తల గోక్కుని లోపలికి వెళ్ళి పాత గేర్ల సైకిలు నుంచి తీసిన బిళ్ళ ఒకటి తెచ్చాడు. మెట్లు మెట్లుగా అయిదు వరుసల పళ్ళు.

"ఇది బిగిస్తాను. ఇందులో మీ పద్దెనిమిదీ ఉంది, ఇరవై రెండూ ఉంది. దీనికి సరిపోయే సన్న చైను వేస్తాను. కాని చైనును నెట్టే చెయ్యి లేదు కదా. ఆ చెయ్యి మీదే."

"అంటే?"

"దిగాలి. చక్రం నట్లు రెండూ వదులు చేయాలి. చైనును చేత్తో ఎత్తి ఈ వరుస మీంచి ఆ వరుస మీద వేయాలి. చక్రాన్ని బొటనవేలి గోరంత ముందుకో వెనక్కో జరిపి, వంకర లేకుండా చూసుకుని మళ్ళీ బిగించాలి."

"రోజూనా?"

"కొండ రోజూ ఉంటుంది కదమ్మా."

ఇంటికొచ్చి చెబితే ఆయన నవ్వలేదు. నవ్వకపోవడానికి చాలా కష్టపడ్డారు. "గేరు మీటలున్న సైకిలు కొనుక్కుంటే పోలేదా?" అన్నారు. ఈ సైకిలుతోనే ఎక్కాలి అన్నాను. "ఎవరు పెట్టారు ఆ నిబంధన?" అన్నారు. లేచి వంటింట్లోకి వచ్చేశాను.

జూన్ 17, సోమవారం

కింద రోడ్డు మీద పద్దెనిమిదితో రాణిలా వచ్చాను. కొండ మొదట్లో పాత ప్రెస్సు గోడకు ఆనించి దిగాను. నట్లు వదులు చేయడం, చైను ఎత్తి వేయడం, చక్రం జరపడం, బిగించడం. చక్రం వంకరగా కూర్చుంది, మళ్ళీ విప్పాను. ఎనిమిది నిమిషాలు పట్టింది. చేతులు నల్లగా. ఆఫీసులో పటాలు ముట్టుకోనివ్వలేదు, పొద్దంతా చీటీలే.

జూన్ 18, మంగళవారం

నాలుగు నిమిషాలు. చేతులకు పాత సాక్సులు తొడుక్కున్నాను.

ఆయన లెక్క: కొండ మొత్తం నెట్టుకుంటూ వెళ్తే పది నిమిషాలు. ఇరవై రెండుతో తొక్కుతూ వెళ్తే ఆరు. గేరు మార్చడానికి నాలుగు. "అంటే లాభం సున్నా," అని కాగితం మీద సున్నా గుండ్రంగా చుట్టి చూపించారు.

ఆ కాగితాన్ని చాలాసేపు చూశాను. మధ్యలో దిగకుండా ఉండడం కోసం రోజూ మొదట్లోనే దిగుతున్నాను. ఇలాంటి పని ఇంకెవరైనా చేస్తారా అని ఆలోచిస్తే ఎవరూ తట్టలేదు.

కానీ ఇది లెక్క కాదు. ఆయనకు చెప్పినా అర్థం కాదు. ఆరోగ్యం కోసం.

జూన్ 20, గురువారం

ఎక్కేశాను.

మూడో మలుపు దాటి, చింపిరి గడ్డి గట్టు దాటి, ఆఫీసు గేటు దాకా, కాలు కింద పెట్టకుండా. చెవుల్లో గుండె కొట్టుకుంటోంది. గేటు దగ్గర దిగబోయి సైకిలుతో సహా వాచ్‌మన్ కుర్చీ మీదికి ఒరిగిపోయాను. అతను లేచి నిలబడి, కుర్చీ నాకిచ్చి, సైకిలుకు స్టాండు వేశాడు.

ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్ తీశాను. అక్క పేరు మీద వేలు పెట్టాను. ఏమని చెప్పాలి? 'నువ్వన్నది తప్పు' అనా? దానికి ఆవిడ 'ఏది?' అంటే మొదట్నుంచీ చెప్పుకు రావాలి. ఆయనకు చేశాను.

"శభాష్. మీ అక్కకు చెప్పావా?"

"క్లాసులో ఉన్నట్టున్నారు, తర్వాత మాట్లాడతాను."

"నేను క్లాసులో లేను."

పెట్టేశాను.

జూన్ 21

ఎక్కాను. హారన్లు.

జూన్ 24, సోమవారం

సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. పాపం చాలా మొహమాటంగా, "మేడమ్, ఒక మాట. మీకు తెలుసో లేదో. రోజూ మీ వెనకాలే ఒక తెల్లకారు వస్తుంది. మీరెంత మెల్లగా వస్తే అంత మెల్లగా. పక్కన ఖాళీ ఉన్నా దాటదు. దాని వెనకున్న వాళ్ళంతా హారన్లు కొడుతుంటారు. మీరు గేట్లోకి తిరగ్గానే అది ముందుకు పోతుంది. ఎవరైనా వెంటపడుతున్నారేమోనని నెంబరు రాసి పెట్టాను," అని చీటీ ఇచ్చాడు.

ఆ నెంబరు నాకు రాదా?

రెండు వారాలు. ఆ హారన్లన్నీ నాకనుకున్నాను, కావు. ఆవిడకి.

జూన్ 25, మంగళవారం

వెనక్కి చూద్దామని మెడ తిప్పాను. మెడతో పాటు హ్యాండిలూ తిరిగింది. మురుగుకాలువ అంచు దాకా వెళ్ళి తమాయించుకున్నాను. చూడలేకపోయాను. వెనక బ్రేకు వేసిన చప్పుడు మాత్రం వినపడింది.

ఎందుకు వస్తోంది? నేను ఎక్కడ దిగుతానో చూడడానికా? పదో తారీకు నుంచి పంతొమ్మిది వరకూ రోజూ మూడో మలుపు దగ్గర నేను దిగి నెట్టడం వెనక సీటు సినిమాలా చూసిందన్నమాట. చూసి ఏమనుకుంది? 'నేను చెప్పలా' అనుకుందా?

లేకపోతే ఇంకోటి. ఆ మలుపులో లారీలు ఒరుసుకుంటూ పోతాయి. ఆవిడ వెనకున్న రోజుల్లో ఒక్క లారీ కూడా నా పక్కకు రాలేదు.

రెండోదే అయ్యుంటుంది. మొదటిది కాదని ఎలా చెప్పగలను? మా అక్క రెండు పనులూ ఒకేసారి చేయగల మనిషి.

జూన్ 26

ఎక్కాను. వీపంతా చెవులై ఎక్కాను.

జూన్ 27, గురువారం

ఆయనకు చెప్పాను. రాత కాగితాలు దిద్దుతూ విన్నారు. "నీకు తెలియదా?" అన్నారు.

"మీకు తెలుసా?"

"మొదటి రోజే చెప్పింది. నీకు చెప్పొద్దంది."

"ఎందుకు వస్తోందో చెప్పిందా?"

"నేనడగలేదు. రేపు ఆఖరి రోజు కదా, నువ్వే అడుగు."

"ఆవిడే ఆగి మాట్లాడొచ్చుగా."

"మీ ఇద్దర్లో ఆగేదెవరో తేలేలోపు నాకు పెన్షన్ వస్తుంది," అని తర్వాతి కాగితం తీసుకున్నారు.

అక్క ఆగదు. ఆగితే నేను ఆగాల్సి వస్తుందని ఆగదు. అది నాకు తెలుసు, నలభై నాలుగేళ్ళుగా తెలుసు.

జూన్ 28, శుక్రవారం

ప్రెస్సు గోడ దగ్గర గేరు మార్చాను. మూడున్నర నిమిషాలు, ఇప్పటిదాకా ఇదే తక్కువ. మొదటి మలుపు, రెండో మలుపు. కాళ్ళు బాగున్నాయి. ఊపిరి బాగుంది. మూడో మలుపు మధ్యలో, వాలు అన్నిటికంటే నిటారుగా ఉన్నచోట, బ్రేకు వేసి దిగాను.

కాళ్ళు చాలక కాదు. ఇది ఇక్కడ రాసి పెట్టుకోవాలి. చాలక కాదు.

సైకిలును గట్టుకు ఆనించి వెనక్కి నడిచాను. తెల్లకారు. దాని వెనక ఒక వ్యాను, రెండు కార్లు, ఒక స్కూలు బస్సు, అన్నీ అరుస్తున్నాయి. అక్క అద్దం దించింది.

"మళ్ళీ దిగావా?"

"నీకోసం దిగాను."

"నాకోసం దిగమని ఎవరన్నారే?"

"రోజూ నా వెనక ఎందుకు వస్తున్నావు?"

"రోడ్డు మీ ఆఫీసు పటంలో నీ పేరున ఉందా?"

"దాటి వెళ్ళొచ్చుగా."

"ఎలా దాటను? పాములా తొక్కుతావు. ఏ పక్కన పోతావో నీకే తెలియదు."

వ్యాను డ్రైవరు తల బయట పెట్టి, "అమ్మా, మీ చుట్టరికాలు పైకెళ్ళి చూసుకోండి," అన్నాడు. అక్క తల బయటపెట్టి, "చెల్లెలండీ, ఒక్క నిమిషం," అంది. అతను హారన్ ఆపాడు. ఎందుకు ఆపాడో నాకు తెలియదు.

"ఆ రోజు కార్లో నువ్వన్నావే," అన్నాను.

"అన్నాను."

"అది..."

"అలా అనకుండా ఉండాల్సింది. నెలరోజుల్నుంచి అనుకుంటూనే ఉన్నాను." స్టీరింగు మీద వేలితో ఏదో గోకుతోంది. "అబద్ధమని మాత్రం అననే. నాకు అబద్ధం చెప్పడం రాదు, నీకు తెలుసు."

కోపం రావాలి. వచ్చిందో లేదో చూసుకునే తీరిక లేదు, స్కూలు బస్సు మళ్ళీ మొదలుపెట్టింది.

"ఉద్యోగం మానేశావా?" అంది.

"లేదు."

"మానేస్తావా?"

"తెలియదు."

"సరే, పద. టైమవుతోంది."

వెళ్ళి సైకిలెక్కాను. అంటే ఎక్కబోయాను. అంత నిటారు చోట ఆగిన సైకిలును మళ్ళీ కదిలించడం ఇరవై రెండు పళ్ళ వల్ల కూడా కాదని నాకు ముందు తట్టలేదు. ఒక తొక్కు తొక్కేలోపు వెనక్కి జారుతోంది. రెండుసార్లు, మూడుసార్లు. నెట్టుకుంటూ వెళ్దామని దిగబోతున్నాను.

కారు తలుపు తెరుచుకున్న చప్పుడు. అక్క వచ్చి సీటు కింద ఒక చెయ్యి, నా నడుం మీద ఒక చెయ్యి వేసింది. తెల్లకోటు వేసుకునే ఉంది.

"తొక్కు. ముందుకు చూడు. నన్ను చూడకు, పడతావు."

తొక్కాను. పది అడుగులో, పదిహేనో, నా పక్కన చెప్పులు టపటపలాడాయి. తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది, సైకిలు ఆగలేదు. వెనక వ్యానతను ఏదో అరిచాడు, తిట్టాడో మెచ్చుకున్నాడో.

గేటు దాకా ఎక్కాను. తెల్లకారు నన్ను దాటి వెళ్తూ ఒక్కసారి హారన్ కొట్టింది. దాని వెనక అద్దంలోంచి, సర్దిన అట్టపెట్టెల మధ్య, అక్క కుర్చీ కాళ్ళు పైకి లేచి కనిపించాయి.

జూన్ 30, ఆదివారం

నిన్నంతా అక్క సామాన్లు సర్దడానికి వెళ్ళాను. ఇద్దరం మాట్లాడుకున్నాం. పెట్టెలు కట్టే దారాల గురించి, అద్దాల గురించి, ఎక్స్‌రే మిషను ఏ గోడకు పెట్టాలన్న దాని గురించి. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. వచ్చేటప్పుడు నా చేతి గోళ్ళలో నలుపు చూసి, పళ్ళు తోమే బ్రష్షుల డబ్బా ఒకటి ఇచ్చి, "గోళ్ళకి వాడు," అంది.

రేపు సోమవారం. వెనక ఎవరూ ఉండరు. లారీలుంటాయి. ఆఫీసుకి వెళ్తాను, అంతవరకూ నిశ్చయం.

శుక్రవారం నేను ఎక్కినట్టా కాదా అని ఆయన్ని అడిగాను. దీనికి సూత్రం లేదన్నారు. దిగింది నా ఇష్టంతోనే. మళ్ళీ ఎక్కింది అక్క చేత్తో. ఈ రెండూ నిజమే, రెండూ ఒకే నిమిషంలో జరిగాయి. అక్క నా గురించి అన్నది నిజమో కాదో మాత్రం నేనింకా తేల్చుకోలేదు. తేల్చుకోగలనన్న నమ్మకమూ లేదు.